ముందు వరసలో నిలిచేదెవరు?

మొన్నామధ్య చిన్ననాటి స్నేహితురాలి కూతురి పెళ్ళికి వికారాబాదు నుంచి తాండూరు వెళ్ళాను. నలభై కిలోమీటర్ల చిల్లర దూరం. బస్సయితే పట్టుచీర నలిగిపోతుందని రైలెక్కాను. రైల్లో అంతకన్నా బాగా నలిగిందనుకోండి, అది వేరే సంగతి.

సాయంత్రం వేళ రైలు ఏదో స్టేషనులో ఆగింది. దూరంగా మసీదులోంచి అజాన్ వినిపించింది. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. రిటైరైన టీచరట. కళ్ళజోడు సవరించుకుని, "నాకెప్పటినుంచో ఒక సందేహమండీ. మనకి పీఠాధిపతులున్నారు. క్రైస్తవుల్లో పోపుగారున్నారు. మరి ముస్లిములకి అందరికన్నా పెద్ద ఎవరు?" అని అడిగారు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. పైగా నవలలు రాస్తానని అప్పుడే చెప్పుకున్నాను కూడానూ! తెలీదంటే పరువు పోదూ? "ఖలీఫా అనేవారు ఉండేవారు లెండి" అన్నాను దర్జాగా.

"ఇప్పుడు ఎక్కడుంటారు?"

"ఇప్పుడు లేరు. 1924లో టర్కీలో ఆ పదవి తీసేశారు."

"అయితే వందేళ్ళుగా పైన ఎవరూ లేకుండానే నడుస్తోందా?" అన్నారావిడ ఆశ్చర్యంగా.

చూశారూ, చదువుకున్న ప్రశ్న అంటే ఇదీ! నా బి.ఏ. అక్కడితో ఆగిపోయింది. కానీ జవాబు నాకు తెలుసునని కాసేపటికి స్ఫురించింది. అది నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. తాండూరులో మా గోడ అవతలి ఇంట్లో నేర్చుకున్నది.

మా నాన్నగారు బడిపంతులు. బదిలీ మీద తాండూరు వస్తే ఒక సందులో ఇల్లు అద్దెకి తీసుకున్నారు. ఇల్లంతా ఆ ఊరి బండలే. వాకిట్లో బండలు, పెరట్లో బండలు, స్నానాలగదిలోనూ బండలే. గోడకి అవతల ఒక చిన్న మసీదు, దాన్ని ఆనుకుని రెండు గదులు. ఆ గదుల్లో ఇమాంసాబుగారి కాపురం. ఆయన భార్యని పిల్లలం అందరం ఖాలా అనే పిలిచేవాళ్ళం. ఖాలా అంటే అమ్మ తోడబుట్టినావిడ. మా అమ్మకి చెల్లెళ్ళు లేని లోటు ఆవిడే తీర్చింది.

ఇమాంసాబు రోజుకి ఐదుసార్లు నమాజులో అందరికీ ముందు నిలబడేవారు. మిగతా టైములో బజారులో గడియారాలు బాగుచేసేవారు. బిడ్డ పుడితే చెవిలో అజాన్ చెప్పడానికీ, ఎవరైనా పోతే జనాజా నమాజుకీ ఆయన్నే పిలిచేవారు. పొద్దున్నే పిల్లలకి అలీఫ్, బే చెప్పేవారు. మసీదువాళ్ళు ఇచ్చే జీతం బియ్యానికి సరిపోతే కూరలకి చాలేది కాదు. "మన గుడి పూజారిగారింటికీ వీళ్ళింటికీ నెలాఖరున మన కందిపప్పు డబ్బాయే దిక్కు" అని అమ్మ నవ్వేది.

ఒకసారి నేను ఆయన్నే అడిగాను, "మీరు మసీదులో పూజారా?" అని.

"కాదు బేటీ. ముందల నిలబడెటోన్ని, అంతే" అన్నారాయన.

వినయం కొద్దీ అన్నారనుకున్నాను. తరవాత ఎప్పటికో తెలిసింది, ఆ మాటకి అర్థమే అది! అరబ్బీలో ఇమాం అంటే ముందు ఉండేవాడు. ఖలీఫా అంటే వెనక వచ్చినవాడు, అంటే ఒకరి తరవాత ఆ చోట నిలిచినవాడు. ఒకటి ముందు, ఒకటి వెనక. ఆ మతంలో నాయకత్వం కథంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

సున్నీ సంప్రదాయంలో పురోహిత వర్గమంటూ లేదు. ఇమాం కావడానికి ఫలానా కులంలో పుట్టాలనీ, ఎవరో పెద్ద వచ్చి దీక్ష ఇవ్వాలనీ లేదు. వరసలో ఉన్నవాళ్ళలో ఖురాన్ బాగా చదవగలిగినవాడు ముందు నిలబడతాడు. పదిమంది ప్రయాణీకులు దారిలో ఆగి నమాజు చేసుకున్నా, వాళ్ళలో ఒకరు ఇమామే. నమాజయ్యాక ఆయనా మళ్ళీ మామూలు ప్రయాణీకుడే. ఇంకో సంగతి చెబితే మీకు సరదాగా ఉంటుంది. ముందున్నాయన పొరపాటు చేస్తే వెనకవాళ్ళు ఊరుకోనక్కర్లేదు. మగవాళ్ళు సుభానల్లా అని హెచ్చరించాలి. ఆడవాళ్ళయితే చేత్తో చెయ్యి తట్టాలి. అంటే ముందున్నవాడి తప్పు దిద్దే హక్కు వెనక వరసలోని ఆడదానికీ ఉందన్నమాట. ఉమ్మె వరఖా అనే ఆవిడని ఆమె ఇంటివారికి నమాజు చేయించమని ప్రవక్తే అనుమతించారని హదీసుల్లో ఉంది. దాని అర్థం ఎంతవరకూ అన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇక వెనక వచ్చినవాడి సంగతి. క్రీ.శ. 632లో మదీనాలో ముహమ్మద్ ప్రవక్త కన్నుమూశారు. ఆయనకి కొడుకులెవరూ దక్కలేదు. కూతురు ఫాతిమా, అల్లుడు అలీ ఉన్నారు. అలీ ఆయనకి పెదతండ్రి కొడుకు కూడా. ప్రవక్త పని అక్కడితో పూర్తయింది, ఆయన తరవాత ఇంకో ప్రవక్త రాడు. కానీ జనాన్ని నడిపించడానికి ఎవరో ఒకరు కావాలి కదా? ఊళ్ళో పెద్దలు కూర్చుని వాదులాడుకున్నారు. చివరికి అబూబకర్‌ని ఎన్నుకున్నారు. ప్రవక్త జబ్బుగా ఉన్న రోజుల్లో తన బదులు నమాజుకి ముందు నిలబడమన్నది ఆయన్నే. ఇమాంగా నిలిచినవాడే ఖలీఫా అయ్యాడు. నేను సరిగా నడిస్తే సాయపడండి, తప్పితే దిద్దండి అని ఆయన మొదటిరోజే జనంతో చెప్పాడని చరిత్రకారులు రాశారు.

అలీయే వారసుడు కావలసిందనీ, ప్రవక్త మాట అదేననీ నమ్మినవాళ్ళు షియాలు. వాళ్ళకి ఇమాం అంటే నమాజుకి ముందు నిలిచేవాడు మాత్రమే కాదు. ప్రవక్త ఇంటి రక్తంలో పుట్టి, దైవనిర్ణయంతో దారి చూపేవాడు. వాళ్ళలో ఎక్కువమంది అలాంటి పన్నెండుమంది ఇమాములని నమ్ముతారు. ఎన్నికా, వారసత్వమా అన్న ఆ తగువు అప్పుడే మొదలైంది.

మొదటి నలుగురు ఖలీఫాలూ నాలుగు రకాలుగా వచ్చారు. అబూబకర్ని పెద్దలు ఎన్నుకున్నారు. 634లో ఆయన పోతూ పోతూ ఉమర్ పేరు చెప్పాడు. ఉమర్ 644లో హంతకుడి చేతిలో గాయపడి, చావబోతూ ఆరుగురితో ఒక సంఘం వేశాడు. ఆ సంఘం ఉస్మాన్ని ఎంచింది. 656లో ఉస్మాన్ కూడా హత్యకి గురయ్యాక జనం అలీని నిలబెట్టారు. 661లో ఆయనా కూఫాలో కత్తి వేటుకే పోయాడు. నలుగురిలో ఏ ఒక్కడూ తండ్రి తరవాత కొడుకుగా రాలేదు. ఉమర్ అయితే తన కొడుకుని ఆ సంఘానికి సలహా చెప్పనిచ్చాడు గానీ, పదవికి మాత్రం ఎంచకూడదన్నాడు. దేవుడి ముందు లెక్క అప్పజెప్పడానికి మా ఇంట్లోంచి నేనొక్కణ్ణే చాలు అన్నాడట.

ఎక్కడో అరేబియా గొడవ మనకెందుకంటారా? ఆగండి. మన నిజాం నవాబులు తమ వంశానికి మూలపురుషుడు మొదటి ఖలీఫా అబూబకర్ అని చెప్పుకునేవారు. వాళ్ళతో వియ్యమందిన పాయిగా జాగీర్దార్లు తాము రెండో ఖలీఫా ఉమర్ సంతతివారమని చెప్పుకునేవారు. ఆ పాయిగా వారిలో ఒకరు సర్ వికారుల్ ఉమ్రా. ఫలక్‌నుమా కట్టించినాయన, 1890లలో నిజాముకి ప్రధానమంత్రి. మా వికారాబాదు పేరు ఆయనదే. రోజూ బస్సు బోర్డు మీద చదువుతాం గానీ, ఆ పేరు వెనక మదీనా దాకా ఒక దారముందని మనకేం తెలుసు?

మూడో ఖలీఫా పేరు ఆఖరి నిజాముకి పెట్టారు. మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందులో అలీ, అంటే నాలుగో ఖలీఫా పేరూ ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఇక్కణ్ణించి దిగి వెళ్ళి నిండే చెరువు ఉస్మాన్ సాగర్. 1908 వరదల తరవాత మొదలుపెట్టి, 1920లో పూర్తిచేసిన గండిపేట అదే. మా కొండ నీళ్ళు ఆ పేరుగల చెరువులోంచి హైదరాబాదు వంటిళ్ళకి చేరాయన్నమాట!

అలీ తరవాత ఖిలాఫత్ మువావియా చేతికి వచ్చింది. ఆయన తన కొడుకు యజీద్‌ని వారసుడిగా ప్రకటించాడు. ముందు నిలిచేవాడి చోటు అక్కణ్ణించి సింహాసనమైపోయింది. అలీ కొడుకు హుసేన్ దానికి తలవంచలేదు. 680లో కర్బలా ఎడారిలో, మొహర్రం పదో రోజున, కొద్దిమంది అనుచరులతో, ఇంటివారితో దాహంతో అలమటిస్తూ ప్రాణాలిచ్చాడు. మిగిలిన ఆడవాళ్ళనీ పిల్లలనీ బందీలుగా డమాస్కస్ తీసుకుపోతే, హుసేన్ చెల్లెలు జైనబ్ నిండు దర్బారులో యజీద్‌ని నిలదీసింది. కర్బలాలో ఏం జరిగిందో లోకం మరచిపోకుండా చెప్పింది ఒక ఆడమనిషి గొంతు.

తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగ చూశారు కదూ? పట్టుగుడ్డలు కట్టిన పీర్లని ఎత్తుకుని నిప్పుల గుండం చుట్టూ అలాయ్ ఆడతారు. పీర్లని ఎత్తుకునేవాళ్ళలో ఎందరో హిందువులే. నా చిన్నప్పుడు మా పనిమనిషి పిల్లాడికి జ్వరమొస్తే హసేన్ హుసేన్ పీర్లకి ఊదు వేస్తానని మొక్కుకుంది. ఖలీఫాలెవరో, వారసత్వం తగువేమిటో ఆమెకి తెలీదు. అన్యాయానికి తలవంచనివాళ్ళని తెలుసు, అంతే.

తరవాతి కథ రాజుల కథే. డమాస్కస్‌లో ఉమయ్యాలు, 750 నుంచి అబ్బాసీలు. బాగ్దాదు వైభవం మీకు తెలిసిందే. 1258లో మంగోలు హులాగు బాగ్దాదుని నేలమట్టం చేసి ఖలీఫాని చంపించాడు. కైరోలో కొన్నాళ్ళు పేరుకి మాత్రం ఖలీఫాలున్నారు. 1517లో టర్కీ సుల్తాను ఈజిప్టుని గెలిచాక ఆ బిరుదు ఉస్మానీ టర్కుల ఇంటికి చేరింది. అక్కడ నాలుగు వందల ఏళ్ళు నిలిచింది. మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీ ఓడిపోతే, ఖలీఫాకి అన్యాయం జరగకూడదని మన దేశంలో అలీ సోదరులూ, గాంధీగారూ కలిసి ఖిలాఫత్ ఉద్యమం నడిపారు. కానీ 1922లో టర్కీ వాళ్ళే సుల్తాను పదవి తీసేశారు. అబ్దుల్ మజీద్ అనే రాకుమారుణ్ణి ఖలీఫాగా ఎన్నుకున్నది వాళ్ళ శాసనసభ. 1924 మార్చి 3న ఆ పదవిని రద్దు చేసిందీ ఆ సభే. ఆయన మంచి చిత్రకారుడు, సంగీతమంటే ప్రాణం. అంతఃపుర స్త్రీలు బేతోవెన్ సంగీతం వాయిస్తున్నట్టు ఒక బొమ్మ వేశాడు. అలాంటి మనిషిని భార్యాపిల్లలతో సహా రాత్రికి రాత్రి రైలెక్కించి దేశం దాటించారు. కూతురు దుర్రె షెహ్వార్‌కి అప్పటికి పదేళ్ళు.

ఫ్రాన్సులో తలదాచుకున్న ఆ కుటుంబానికి నెలనెలా మూడు వందల పౌన్లు పంపించినది మన నిజామే. 1931 నవంబరులో నీస్ నగరంలో ఆయన పెద్దకొడుకు ఆజంజాకి దుర్రె షెహ్వార్‌నీ, చిన్నకొడుకు మొఅజ్జంజాకి ఆమె బంధువు నీలోఫర్‌నీ ఇచ్చి పెళ్ళిచేశారు. ఇద్దరూ పద్దెనిమిది నిండని పిల్లలు. వాళ్ళు బొంబాయి వచ్చిన ఓడలోనే రౌండ్ టేబుల్ సమావేశం నుంచి గాంధీగారూ తిరిగి వస్తున్నారట! బొంబాయి నుంచి హైదరాబాదుకి పెద్ద రైలు అప్పుడూ వాడి, తాండూరు, వికారాబాదుల మీదుగానే. కనక ఆఖరి ఖలీఫా కూతురు నేను కూర్చున్న ఈ పట్టాల మీదుగానే అత్తవారింటికి వెళ్ళి ఉంటుంది. కిటికీలోంచి మన కందిచేలు చూసి ఏమనుకుందో!

పదవి పోయినా ఆ ఆడపిల్లల పేర్లు నిలిచాయి. కాన్పులో తన పరిచారిక చనిపోయిందని నీలోఫర్ కలత చెందితే, ఆమె పేరుమీద లేచిన ఆసుపత్రి 1953 నుంచీ పిల్లలకీ తల్లులకీ దిక్కయింది. పురానీ హవేలీలో దుర్రె షెహ్వార్ ఆసుపత్రి ఉంది. ఖలీఫా మటుకు 1944లో పారిస్‌లో కన్నుమూశాడు. పదేళ్ళ తరవాత గానీ ఆయనకి మదీనా మట్టి దక్కలేదు. ఆయన మనవడు ముకర్రంజా 1967లో నిజాం బిరుదు అందుకున్నాడు. మొదటి ఖలీఫా వంశమని చెప్పుకునే ఇల్లూ, ఆఖరి ఖలీఫా ఇల్లూ ఆయనలో కలిశాయి. 1971లో రాజబిరుదులూ రద్దయ్యాయి. 2023లో ఆయన ఇస్తాంబుల్‌లో పోతే తెచ్చి మక్కా మసీదు ఆవరణలో సమాధి చేశారు.

చెప్పొద్దూ, ఇంత చరిత్రా మా ఖాలా ఒక్క పూటలో తేల్చేసింది.

నేను ఇంటర్ చదువుతుండగా ఇమాంసాబు పోయారు. మూడోరోజు తరవాత మసీదు పెద్దలు కూర్చున్నారు. ఖాలాకి ఒక్కడే కొడుకు, అప్పటికి ఇరవై ఏళ్ళు. గడియారాల పని వచ్చు. ఖురాన్ చదువు మటుకు అంతంత మాత్రం, గబగబా చదివి మధ్యలో తడబడేవాడు. గుల్బర్గా వైపు నుంచి వచ్చిన ఒక హాఫిజ్ కుర్రవాడు ఉన్నాడు, ఖురాన్ మొత్తం కంఠతా వచ్చినవాడు. అయినా పెద్దలు జాలిపడ్డారు. "తండ్రి చోటు కొడుక్కే ఇద్దాం. లేకపోతే వీళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యాలి కదా" అన్నారు. మా నాన్నగారూ అక్కడే కూర్చున్నారు. గోడ మీంచి మేం వింటున్నాం.

ఇద్దత్ రోజులు, ఆవిడ పరదా వెనకనే ఉంది. ఉన్నట్టుండి లోపల్నించి చేత్తో చెయ్యి తట్టిన చప్పుడు. మాటలాగిపోయాయి.

"వానికి నోరు తిరగదు. వాడు ముందల నిలబడి తప్పు సదివితే ఎనకున్నోళ్ళ నమాజు ఏంగావాలె?" అంది. "హజ్రత్ ఉమర్ అంతటాయన తన కొడుకునే వద్దన్నడు. మేమెంత? సదువొచ్చిన పిల్లగాన్ని నిలబెట్టుండ్రి. ఇల్లుదేముంది, అల్లా ఇంకోటి సూపిస్తడు."

కొడుకు తల వంచుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఖాలా మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. "కన్నకొడుకు నోటికాడి కూడు తీసినానా అక్కా?" అంటే అమ్మ ఏమీ చెప్పలేకపోయింది. ఇద్దత్ తీరాక నాలుగు గిన్నెలూ, ఒక ట్రంకుపెట్టే పట్టుకుని మా పెరటి గదిలోకి వచ్చారు. ఆవిడ సందులో పిల్లలకి చదువు చెప్పేది, కొడుకు గడియారాలు చూసేవాడు. ఏడాదిపాటు తల్లితో సరిగా మాట్లాడలేదు.

అప్పుడు నాకు ఆవిడ మొండిదనిపించింది. రాజులూ సుల్తానులూ చెయ్యలేని పని ఆ పూట రెండు గదుల ఇంట్లో జరిగిందని ఇప్పుడు తెలుస్తోంది. ఖలీఫా పదవి రద్దయినా ఆ ప్రశ్న రద్దు కాలేదు. ఈ వరసలో ముందు ఎవరు నిలబడాలి, ఎందుకు నిలబడాలి అని ప్రతి చిన్న మసీదూ తనకి తాను తేల్చుకోవలసిందే. అలా తేల్చుకుంటూనే వందేళ్ళుగా నడుస్తోంది. ఇమాములకి జీతాలివ్వాలని 1993లో సుప్రీంకోర్టు వక్ఫ్ బోర్డులకి చెప్పింది. అయినా చాలా ఊళ్ళలో ఇమాంగారు ఇంకో పని చేసుకుంటేనే పొయ్యి వెలుగుతుంది.

ఇదంతా రైల్లో పెద్దావిడకి చెప్పేసరికి తాండూరు వచ్చేసింది. "అయితే అందరికన్నా పెద్ద లేడన్నమాట. బాగా చదవగలిగినవాడు ముందు నిలబడతాడు, తప్పు చదివితే వెనకవాళ్ళు దిద్దుతారు. మా బడి కన్నా నయమే!" అని నవ్వుతూ దిగారు.

మర్నాడు పెళ్ళి భోజనం అయ్యాక పాత సందుకి వెళ్ళాను. ఖాలా పోయి ఎనిమిదేళ్ళయింది. కొడుకు గడియారాల కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టయింది. నన్ను చూసి "అక్కా" అంటూ లేచి చాయ్ తెప్పించాడు. మాటల్లో ఉండగానే అజాన్ వినపడింది. అదే హాఫిజ్‌గారు ఇంకా నమాజు చేయిస్తున్నారా అని అడిగాను. గడ్డం తెల్లబడిందట గానీ ఆయనేనట.

"మరి నువ్వు?" అన్నాను ఉండబట్టలేక.

షట్టరు సగం దించుతూ చెప్పాడు, "ఆయన ఎనకాలనే అక్కా. మొదటి వరసలనే. అమ్మ చెప్పింది నిజమే, ఆయన సదువుతుంటే ఇనబుద్ధి అయితది."

చాయ్ తాగి వెళ్ళమని నాకు చెప్పి, తను నమాజుకి వెళ్ళాడు.